నిద్రలో పెట్టిన టిక్కులు

కరోనా వెళ్ళిపోయి, దాని మాస్కులు మాత్రం ఆఫీసు గోడల మేకులకు వేలాడుతూ మిగిలిన ఏడాది జూన్‌లో, నన్ను గిద్దలూరుకు అరగంట బస్సు దూరంలో ఉన్న ఒక మండలానికి డిప్యూటీ తహసీల్దారుగా వేశారు. మండలం పేరు రాయను. అక్కడ ఇప్పటికీ మనుషులు పని చేస్తున్నారు, కనీసం కూర్చుంటున్నారు. డిప్యూటీ తహసీల్దారు అంటే తహసీల్దారుకు కింద, ఆఫీసులో మిగతా అందరికీ పైన ఉండే కుర్చీ. పైనుంచి వచ్చే కోపాన్ని కిందికీ, కిందినుంచి వచ్చే కాగితాన్ని పైకీ పంపడం దాని పని. రెండూ కూర్చునే చేయవచ్చు.

నాకప్పుడు యాభై తొమ్మిదేళ్ళు. ప్రభుత్వం ఆ మధ్యే రిటైర్మెంటు వయసు అరవై రెండుకు పెంచింది కాబట్టి ఇంకో మూడేళ్ళు కూర్చోవలసి ఉంది. అప్పటిదాకా సర్వీసులో నేను నేర్చిన విద్యల్లో చెప్పుకోదగ్గది ఒకటే: కళ్ళు తెరుచుకుని కునుకు తీయడం. ఎదురుగా అర్జీదారు నిలబడి ఉన్నా, ఫైలు మీద పెన్ను ఆనించి, తల కొద్దిగా వంచి, ఆలోచనలో ఉన్నవాడిలా నేను ఒక పది నిమిషాలు వెళ్ళిరాగలిగేవాణ్ణి. చాలామంది నన్ను లోతైన మనిషి అనుకునేవారు.

ఇబ్బంది రాత్రిళ్ళతో వచ్చింది. మాది కురిచేడు. రైలుకట్టకు ఆనుకుని ఇల్లు. చిన్నప్పుడు గూడ్సుబండి పక్కనుంచి పోతుంటే గిన్నెలు మోగేవి గానీ నాకు మెలకువ వచ్చేది కాదు. అదే నేను గిద్దలూరులో అద్దెయింట్లో, బల్లి అరిస్తే ఎటువైపు గోడ మీద అరిచిందో చెప్పగలిగే స్థితికి వచ్చాను. ఒళ్ళు మంచం మీద ఉండేది, నిద్ర మాత్రం కిటికీ అవతల ఎక్కడో తచ్చాడుతూ ఉండేది. తెల్లవారుజామున లోపలికి వచ్చేది, అప్పటికి నేను బస్సుకు లేవాలి. మా ఆవిడ దీన్ని ఒక్క ముక్కలో తేల్చింది. “మీరు ఆఫీసులో నిద్రపోయి ఇంట్లో డ్యూటీ చేస్తున్నారు” అంది.

గిద్దలూరులోనే నాతో కాలేజీలో చదివిన డాక్టరు ఉన్నాడు. నిద్రమాత్ర రాయమని వెళితే, రోజుకు ఎంత నడుస్తావని అడిగాడు. బస్సు దిగి ఆఫీసు దాకా అన్నాను. అదెంత దూరమన్నాడు. బస్సు ఆఫీసు ముందరే ఆగుతుందన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు.

“ఒరే, నీ తల ఒక్కటే అలిసి ఇంటికొస్తోంది. కాళ్ళకు ఇంకా తెల్లవారలేదు. రెండూ ఒకే మంచం మీద పడుకుంటే ఒకటి ఇంకోదాన్ని నిద్రపోనీదు. మాత్ర తలకు పని చేస్తుంది, కాళ్ళకేం చెప్పమంటావు?”

సాయంత్రాలు నడవమన్నాడు. నడిచాను, నాలుగు రోజులు. కాలేజీ మైదానం చుట్టూ రెండు చుట్లు, మైదానం గేటు దగ్గర మిరపకాయ బజ్జీల బండి. మూడో రోజుకు చుట్లు ఒకటయ్యాయి, బజ్జీలు పెరిగాయి. వైద్య సలహాను పాక్షికంగా అమలు చేసినట్టు నా మనసులో నోట్ చేసుకుని వదిలేశాను.

జూలైలో రీసర్వే ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళ భూములన్నీ కొత్తగా కొలవడానికి ముందు, పాత రికార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించినదానితో సరిచూసి, తప్పుల్లేవని సంతకం చేసి పంపాలి. పాత రికార్డు అంటే ఆర్.ఎస్.ఆర్., అంటే ప్రతి సర్వే నంబరూ ఎంత విస్తీర్ణం, మెట్టా మాగాణా, పట్టా భూమా ప్రభుత్వ పోరంబోకా అని తెల్లదొరల కాలంలో రాయించిన రిజిస్టరు. మా తాలూకాలు ఒకప్పుడు కర్నూలు జిల్లావి కాబట్టి అట్టల మీద ఆ జిల్లా ముద్రే ఉండేది. సరిచూడటాన్ని ఆఫీసుల్లో కంపేరింగ్ అంటారు. ఒకరు రిజిస్టరు పైకి చదువుతారు. ఇంకొకరు కంప్యూటర్ ప్రింటు ముందు పెట్టుకుని, చదివింది అందులో ఉంటే ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెడతారు. లేకపోతే ఆపుతారు. పద్ధతి ఇంతే. ఇందులో ప్రమాదం ఏమీ కనపడదు.

మాకు చదివే మనిషి సీనియర్ అసిస్టెంట్ ఖాసింపీరా. అంత చక్కని గొంతు రెవెన్యూ శాఖకు ఎందుకిచ్చాడో దేవుడికే తెలియాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక రికార్డు రూములో కూర్చునేవాళ్ళం. కిటికీకి అవతల వేపచెట్టు నీడ. పైన ఫ్యాను, తిరుగుతున్నదీ లేనిదీ తనకే తెలియనంత నెమ్మదిగా. పాత కాగితం వాసన తడి మట్టి వాసనలాగే ఉంటుంది, కాస్త పొడిగా. ఖాసింపీరా మొదలుపెట్టేవాడు: “రెండువందల ఏడు బై ఒకటి, మెట్ట, పట్టా, ఎకరా అరవై సెంట్లు… రెండువందల ఏడు బై రెండు, మెట్ట, పట్టా…” ప్రతి నంబరు చివరా గొంతు కొంచెం దించేవాడు, జోకొట్టే చెయ్యి ఆగీ ఆగీ పడినట్టు.

నేను ప్రింటు చూస్తూ ఉండేవాణ్ణి. వరుసలు కాసేపటికి వరుసల్లా ఉండేవి కావు. సాళ్ళయ్యేవి. సాళ్ళ మధ్య నేను నడుస్తున్నట్టుండేది, పాదాలు నేలకు తగలకుండా. గట్టు మీద ఎవరో పేర్లు పిలుస్తున్నారు, పిలిచిన ప్రతివారూ చేలోంచి లేచి చెయ్యెత్తి మళ్ళీ కూర్చుంటున్నారు. దూరంగా కొండ. దాని మీద తెల్లటి ఎండ. అక్కడికి చేరితే ఏదో ఉందని తెలుసు, చేరేలోపు ఖాసింపీరా “టీ తాగుదామా సార్” అనేవాడు. చూస్తే అప్పటికి ఒకటి రెండు పేజీలు అయిపోయి ఉండేవి. ప్రతి నంబరుకూ ఎదురుగా టిక్కు కూడా ఉండేది. నా చెయ్యి నాకన్నా బాధ్యత గలది.

మొదట పట్టుకున్న ఊరి రికార్డు నూటనలభై పేజీలు. పదకొండు మధ్యాహ్నాల్లో ముగించాం. తప్పుల్లేవని సంతకం చేశాను. తహసీల్దారు మేడం నా సంతకం చూసి తన సంతకం చేశారు. ప్రభుత్వంలో నమ్మకం అలాగే పైకి పోతుంది.

జనవరిలో సువార్తమ్మ వచ్చింది.

ఆ ఊరిదే, అరవై దాటిన మనిషి. ఊరి ఆసాముల చేలల్లో ముప్పై ఏళ్ళు కూలికి పోయి, భర్త పోయాక కూడా మామ వదిలిన రెండెకరాల పద్నాలుగు సెంట్లను అమ్మకుండా పట్టుకుని, నాలుగేళ్ళ కిందట అందులో బత్తాయి పెట్టింది. రెండు వందల పైచిలుకు చెట్లు. పక్క చేను బోరు నుంచి పైపులు గుంజి ఇన్నాళ్ళూ తడిపింది. ఆ బోరు ఎండిపోయింది. తన చేలోనే బోరు వేయించుకుంది, నీళ్ళు పడ్డాయి. మోటారుకు కరెంటు కావాలి. కరెంటు వాళ్ళు భూమి రికార్డు అడిగారు. తీసి చూస్తే, సర్వే నంబరు రెండువందల పద్నాలుగు బై రెండు, వాగు పోరంబోకు, ప్రభుత్వ భూమి.

కౌంటరులో ఉన్నవాళ్ళ మీద అరవలేదు. తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నేను ఫైలు మీద పెన్ను ఆనించి తల వంచి ఉన్నాను. ఆమె బల్ల మీద చేత్తో రెండుసార్లు కొట్టింది.

“లెయ్ సారూ. నా తోట వాగైందంట. ఎప్పుడైంది? నిన్న పొద్దున గూడా నేను దాంట్లోనే ఉంటి, కాళ్ళు తడవలేదే!”

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

“లైన్‌మాను వచ్చినాడు, స్తంభం యాడ నాటాల్నో చూసినాడు, పోయినాడు. మల్లా వచ్చి, పెద్దమ్మా, నీది గవర్నమెంటు వాగు, వాగులోకి లైను ఇయ్యము అన్నాడు. ఏంది నాయనా ఇది? వాగైతే నేను బోరెందుకు ఏపిస్తా?”

ఆర్.ఎస్.ఆర్. తెప్పించి చూశాను. రెండువందల పద్నాలుగు బై రెండు ఆమె మెట్ట, పట్టా. బై మూడు వాగు. ఎక్కించిన కంప్యూటర్ ఆపరేటరు ఒక గడి కిందికి జారి, మరుసటిదానికి మళ్ళీ పైకి ఎక్కాడు. దాంతో కంప్యూటర్‌లో సువార్తమ్మ తోట ప్రభుత్వానిదీ, ప్రభుత్వ వాగు సువార్తమ్మదీ అయ్యాయి. వాగు ఆమె పేరున ఉందని, కావాలంటే అందులో మోటారు పెట్టుకోవచ్చని చెప్పడానికి వీల్లేదు, అది తడిసి చాలా ఏళ్ళయింది.

ఆపరేటరు జారడం తప్పు. కానీ జారినవాణ్ణి పట్టుకోవడానికే కంపేరింగ్ ఉన్నది. ఆ పేజీలో బై రెండుకు ఎదురుగా నా ఎర్ర టిక్కు ఉంది.

చెట్లు ఎన్నాళ్ళు ఆగుతాయని అడిగాను. “బిందెల్తో మోసి పోస్తన్నా. ఇప్పుడైతే ఆగుతాయి. మార్చి ఎండ తగిలితే మాత్రం నేను మోసేది చాలదు” అంది. ఆ మాటలో వేడుకోలు లేదు. గడువు ఉంది.

ఇక్కడ పద్ధతి కొంత చెప్పాలి. పట్టాను పొరపాటున పోరంబోకుగా రాయడం ఒక్క క్షణం పని. పోరంబోకును తిరిగి పట్టాగా మార్చడం తహసీల్దారు చేతిలో లేదు, జిల్లా అధికారి ఉత్తర్వు కావాలి. అలా కాకపోతే రాష్ట్రంలో ఉన్న వాగులన్నీ ఈపాటికి తోటలై ఉండేవి, కాబట్టి నియమాన్ని తప్పు పట్టను. ‘కేవలం లిపికార దోషం, సవరించ ప్రార్థన’ అని ప్రతిపాదన పంపాం. పదిహేను రోజుల్లో తిరిగి వచ్చింది. రెండు ప్రశ్నలు. ఒకటి, ధ్రువీకరించిన రికార్డులో దోషం ఎలా మిగిలింది? రెండు, ఆ ఊరిలో ఇలాంటివి ఇంకెన్ని? జవాబు వచ్చేవరకు ఆ ఊరి సవరణలు ఏవీ చేపట్టబడవు.

జవాబు తయారుచేయడానికి మేడం, నేను, ఖాసింపీరా కూర్చున్నాం. ఖాసింపీరా నా శ్రేయోభిలాషి.

“ప్రింటు మసగ్గా ఉందని రాద్దాం సార్. మసక మీద ఎవురూ చర్య తీసుకోరు.”

మేడం దాన్ని ఇంకొంచెం శుభ్రం చేసి ‘సాంకేతిక కారణాల వల్ల’ అన్నారు. ఆమె కూడా నా మంచికే అన్నారు. ఆ ఏడాది తహసీల్దారు పదోన్నతి జాబితాకు నా పేరు వెళ్ళి ఉంది. నేనూ అలాగే కానిద్దామనుకున్నాను. డ్రాఫ్టు రాయడం కూడా మొదలుపెట్టాను. అప్పుడే రెండో ప్రశ్న అడ్డం వచ్చింది. ప్రింటు మసకైతే మొత్తం నూటనలభై పేజీలూ అనుమానమే. అన్నీ మళ్ళీ సరిచూడాలి, తేడా వచ్చిన ప్రతిదీ నేల మీద చూడాలి. రీసర్వే హడావిడిలో అది మే నెలకు కూడా తేలదు. మే నెలకు ఆ చేలో తేల్చడానికి చెట్లుండవు.

ఆ రాత్రి ఎటూ నిద్రపట్టదు కాబట్టి ప్రింటు కట్ట ఇంటికి తెచ్చుకున్నాను. పేజీలు తిప్పుతుంటే ఒక సంగతి కనిపించింది. కొన్ని పేజీల్లో నా టిక్కులు నిటారుగా, గడి మధ్యలో, కాపలా నిలబడినట్టు ఉన్నాయి. కొన్ని పేజీల్లో అవి ఒరిగి ఉన్నాయి. మొదట కొంచెం, తర్వాత ఇంకొంచెం, తోకలు సాగి కింది వరుసలోకి దిగాయి. రెండువందల పద్నాలుగు ఉన్న పేజీలో ఒక టిక్కు గడి దాటి, అంచు దాటి, మెలికలు తిరుగుతూ కాగితం చివరిదాకా పోయింది. పటంలో వాగును అలాగే గీస్తారు. అటు తర్వాత కొత్త పేజీ, మళ్ళీ నిటారు టిక్కులు. అంటే టీ వచ్చింది.

నూటనలభై పేజీల్లో నేను నిద్రపోయిన పేజీలు లెక్కపెట్టాను. పందొమ్మిది.

మర్నాడు జవాబు మార్చి రాశాను. మొదటి ప్రశ్నకు: ‘సరిచూసిన అధికారి, అనగా నేను, ఆ సమయమున నిద్రలో ఉన్నాను.’ రెండో ప్రశ్నకు: ‘నిద్రించిన పేజీలు పందొమ్మిది. జాబితా జతపరచడమైనది. మిగిలిన పేజీలలో మెలకువగా ఉన్నట్లు టిక్కుల వలన తెలియుచున్నది.’ మేడం రెండుసార్లు చదివారు. “ఇది పంపిస్తే ఏమవుతుందో తెలుసా?” అన్నారు. పంపకపోతే ఏమవుతుందో తెలుసునన్నాను. అది సాహసం కింద రాయడం లేదు. నిజం రాస్తే పని పందొమ్మిది పేజీలు, అబద్ధం రాస్తే నూటనలభై. నేను మొదటినుంచీ తక్కువ పని వైపు మొగ్గే మనిషిని.

నన్ను ఒంగోలు పిలిపించారు. జిల్లా అధికారి నా కాగితం ముందు పెట్టుకుని, నిద్రపోయారా అని అడిగారు. అవునండీ అన్నాను. ఎంతసేపు అన్నారు. పందొమ్మిది పేజీలసేపు అన్నాను. ఆయన నవ్వలేదు. నా మీద చర్య విడిగా ఉంటుందని చెప్పి, పందొమ్మిది పేజీల్లో తేడా వచ్చిన ప్రతి నంబరునూ నేనే స్వయంగా వెళ్ళి, నేల మీద నిలబడి చూసి, హద్దురాళ్ళతో సహా నివేదిక ఇస్తే సవరణ పెడతానన్నారు.

ఈసారి పొద్దున పూట, నిలబడి, ఖాసింపీరాను చెడ్డ గొంతుతో చదవమని చెప్పి సరిచూశాం. ఆరు నంబర్లు తేలాయి. ఆరూ ఊరికి ఆరు దిక్కుల్లో ఉన్నాయి. ఉన్నవి నాలుగు దిక్కులేనని నాకూ తెలుసు, నడిచినప్పుడు అలా అనిపించలేదు. సర్వేయరు వేరే మండలంలో రీసర్వే డ్యూటీలో ఉన్నాడు. రాళ్ళు దొరికించి పెడితే ఒక్క రోజు వచ్చి కొలిచి సంతకం చేస్తానన్నాడు. కొలిచే పాత గొలుసు ఒకటి, దాన్ని పట్టే చైన్‌మన్ ఓబులేసునూ ఇచ్చాడు. జీపు వేరే పని మీద ఉంది. ఉన్నా, ఆ చేల గట్ల మీదికి జీపు పోదు.

ఫిబ్రవరి మొదట్లో, తొలి బస్సుకు బయల్దేరి, పది గంటల దాకా చేలల్లో తిరిగి, తర్వాత ఆఫీసుకు వచ్చేలా ఏర్పాటు చేసుకున్నాను. మొదటి రోజు ఊరి బయట దిగేసరికి పొగమంచు. చేలు లేవు. గట్లు మాత్రం అక్కడక్కడా తేలుతున్నాయి. నల్లమల ఉండవలసిన చోట కొంచెం ముదురు తెలుపు ఉంది. ఆ తెలుపులోంచి సువార్తమ్మ కర్ర పట్టుకుని నడిచి వచ్చింది.

“నీ నంబరు ఆఖర్న చూస్తాం, ఇప్పుడెందుకమ్మా” అన్నాను.

“నీకు దోవ తెలుసా? యాడన్నా గట్టు మీద తల వాల్చుకుంటావేమోనని వచ్చినా. పా.”

ఓబులేసు గొలుసు భుజాన వేసుకున్నాడు. “అత్తా, నిమ్మళంగా పోదాం. సారు ఇప్పుడిప్పుడే నడక నేర్చుకుంటున్నాడు” అన్నాడు.

“కూసున్న కాళ్ళు గద అల్లుడా. సారు కంటే ముందే రిటైరైనాయి.”

మొదటి మైలు తర్వాత నేను మాటల్లో పాల్గొనలేదు, ఊపిరికి వేరే పని ఉంది. హద్దురాయి అంటే మూరెడు ఎత్తు రాయి, తల మీద బాణం గుర్తు చెక్కి ఉంటుంది. వందేళ్ళ కిందట పాతినవి. పటంలో ఉన్నచోట నేల మీద ఉండవు; కంపచెట్ల కింద, మట్టి కింద, ఒక్కోసారి ఎవరో ఇంట్లో మెట్టు కింద ఉంటాయి. పటం చూసి, అడుగులు లెక్కబెట్టి, గడ్డపారతో పొడిచి వినాలి. మట్టికి ఒక చప్పుడు, రాయికి ఒక చప్పుడు. సువార్తమ్మ కర్రతోనే కనుక్కునేది. ముప్పై ఏళ్ళు ఆ చేలన్నింటిలో కలుపు తీసిన మనిషి, ఏ రాయి ఎక్కడ కాలికి తగిలిందో ఆమెకు గుర్తుంది.

ఖాసింపీరా గొంతులో విన్న నంబర్లు ఒక్కొక్కటే నేలగా బయటపడుతుండేవి. రెండువందల ఏడు బై ఒకటి కంది మోళ్ళ చేను అని నాకు తెలియదు. చెప్పులోంచి గుచ్చుకుని తెలిసింది. నూటఅరవై రెండులో పాడుబడ్డ మోట బావి, అందులో పావురాలు. పొగమంచు విడుతుంటే ఎవరో దుప్పటి మెల్లగా లాగుతున్నట్టు చేలు ఒకదాని వెనక ఒకటి లేచేవి. మనుషులు గట్ల మీద నిలబడి, ఏంది సారూ అని అడిగి, మళ్ళీ వంగి పనిలో పడేవాళ్ళు. నేను ఈ ఊరిలో ఇంతకుముందే నడిచినట్టు అనిపించేది. నడిచాను కూడా, రికార్డు రూములో. అప్పుడు పాదాలు నొప్పిపెట్టలేదు, అంతే తేడా.

మొదటి రాత్రి పిక్కల నొప్పితో నిద్రపట్టలేదు. రెండో రాత్రీ అంతే. మూడో రాత్రి ఏం జరిగిందో నాకు తెలియదు. జరిగింది అదే. పొద్దున మా ఆవిడ భుజం పట్టి కుదిపి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, “ఉన్నారా!” అంది.

తర్వాతి రోజుల్లో గమనించిన సంగతులు, ఉద్యోగి నివేదిక రాసినట్టే రాస్తాను. పది గంటలకు పక్క మీద చేరితే కాసేపట్లోనే నిద్ర వచ్చేది. మధ్యలో మెలకువ వచ్చినా, బల్లి ఎటువైపు అరిచిందన్న ఆసక్తి కలిగేది కాదు. ఆఫీసులో మధ్యాహ్నం కునుకు పూర్తిగా పోలేదు, పరిమాణం తగ్గింది. కలలు మాత్రం తగ్గాయి, అది నష్టమే. రెండు రోజులు ఆఫీసు పని తగిలి చేలకు పోలేదు. ఆ రెండో రాత్రి నిద్ర మళ్ళీ కిటికీ అవతలికి పోయి నిలబడింది. డాక్టరుకు ఫోను చేసి చెబితే, నేను చెప్పింది ఇదే గదరా అన్నాడు. ఆయన చెప్పినప్పుడు గొలుసు మోసేవాడూ లేడు, తిట్టేవాళ్ళూ లేరు. బజ్జీల బండి ఉంది.

తొమ్మిది రోజులు పట్టింది. ఆరో నంబరుగా రెండువందల పద్నాలుగుకు వచ్చాం. సువార్తమ్మ తోట అప్పుడే చూశాను. ఆకులు పడవల్లా ముడుచుకుని ఉన్నాయి. ప్రతి చెట్టు మొదట్లో బిందెడు నీళ్ళ తడి, అరచేతి మందాన. తూర్పు వైపు నాలుగు వరుసల దగ్గర ఆ తడి కూడా లేదు. అడిగితే, “అన్నిటికీ పోస్తే అన్నీ పోతాయి. అందుకే ఆ వరసలు ఇడిసిపెట్టినా” అంది. ఏవి వదలాలో ఆమె ముందే నిర్ణయించుకుంది. ఎవరితోనూ చెప్పలేదు. నాతో నడిచిన తొమ్మిది పొద్దుల్లో కూడా చెప్పలేదు.

బై రెండుకూ బై మూడుకూ మధ్య ఉండే రాయి దొరకలేదు. అది లేకపోతే ఏది తోటో ఏది వాగో కాగితం మీద తేలదు. వాగు గట్టంతా పొడిచాం. ఎండెక్కింది. ఓబులేసు రేపు చూద్దామన్నాడు. నాకెందుకో కూర్చోబుద్ధి కాలేదు. ఆ మాట నా గురించి నేను రాస్తున్నందుకు నాకే వింతగా ఉంది. పటం తీసి మళ్ళీ నూట పన్నెండు అడుగులు వేయించాను, ఈసారి నా అడుగును కాక ఓబులేసు అడుగును నమ్మి. కంప పొదలోకి వచ్చాం. కొమ్మలు నరికి పొడిస్తే రాయి చప్పుడైంది. మట్టి తీస్తే బాణం గుర్తు. సువార్తమ్మ వంగి దాని మీద మట్టి చేత్తో తుడిచింది.

“దీని మీద నిద్రపోవద్దు సారూ. రాసుకో” అంది.

రాసుకున్నాను. సర్వేయరు అన్నట్టే ఒక రోజు వచ్చి కొలిచాడు. పంచనామా అంటే ఊరి పెద్దలు అయిదుగురి సాక్షి సంతకాలు, అది అయింది. నివేదిక నేనే ఒంగోలు తీసుకుపోయాను. మార్చి రెండో వారంలో సవరణ ఉత్తర్వు, ఆఖరి వారంలో స్తంభాలు, ఏప్రిల్ మొదట్లో మోటారు. నీళ్ళు వచ్చిన రోజు ఓబులేసు ఫోను చేశాడు. మర్నాడు పొద్దున వెళ్ళాను. ఎంతవరకు బతికాయని అడిగితే, “నువ్వే చూడు. తిరిగి లెక్కబెట్టుకో, కాళ్ళు వచ్చినాయి గదా” అంది సువార్తమ్మ. వరుస వరుసా తిరిగి చూశాను. వదిలేసిన నాలుగు వరుసలు పూర్తిగా, తక్కిన చోట అక్కడక్కడా పోయాయి. మొత్తం నలభై మూడు.

నా మీద చర్య మేలో వచ్చింది. అభిశంసన అంటారు, సర్వీసు రిజిస్టరులో ఒక వాక్యం రాస్తారు. శిక్షల్లో చిన్నది. పదోన్నతి జాబితాలో ఆ ఏడాది నా పేరు రాలేదు. తర్వాతి ఏడాది జాబితా ఖాసింపీరా చూసి వచ్చి, టీ తాగుదామా సార్ అన్నాడు. డిప్యూటీ తహసీల్దారుగానే దిగిపోయాను. మిగిలిన రెండేళ్ళూ ఇంటినుంచి మూడు స్టాపులు నడిచి, నాలుగోదాని దగ్గర బస్సెక్కాను. భోజనాల తర్వాత కంపేరింగ్ పెట్టనివ్వలేదు, ఎవరు పెట్టమన్నా. ఆఫీసులో ఇంకో ఇద్దరు నాతో నడిచారు. ఒకరికి నిద్ర కుదిరింది. రెండో ఆయనకు కుదరలేదు, మోకాళ్ళు మాత్రం బాగుపడ్డాయి.

ఈ ఉదంతం నేర్పింది చెబుతాను. కుర్చీ ఉద్యోగికి నడక అంటే ఆరోగ్యం కోసం తీరికున్నప్పుడు చేసుకునే సొంత పని అనుకునేవాణ్ణి. అది ఉద్యోగంలో భాగం. పగలు ఒళ్ళు కదలనివాడికి రాత్రి నిద్ర రాదు, ఆ నిద్ర పగలు వస్తుంది, అది వచ్చినప్పుడు అతని చేతిలో ఇంకొకరి కాగితం ఉంటుంది. నాకు ఇది తెలియడానికి నలభై మూడు చెట్లు పోయాయి. అందులో నావి ఒక్కటీ లేవు.